కాలక్రమంలో బైబిలు: రోజుకు నాలుగు అధ్యాయాలు, నాలుగు వాక్యాల ధ్యానం

బైబిలులో పుస్తకాలు జరిగిన వరుసలో ఉండవు. ధర్మశాస్త్రం ఒకచోట, రాజుల చరిత్ర ఒకచోట, కీర్తనలూ సామెతలూ ఒకచోట, ప్రవక్తలు ఇంకోచోట సర్ది ఉంటాయి. 2 రాజులు 25వ అధ్యాయంలో యెరూషలేము తగలబడిపోతుంది. ఆ పట్టణం తగలబడుతుందని ఏడుస్తూ చెప్పిన యిర్మీయా మాటలు మనకు అందేది ఆ తరవాత పదకొండు పుస్తకాలు దాటాక. అప్పటికి చదివేవారికి ఆ రాజు పేరూ గుర్తుండదు, ఆ మంటా గుర్తుండదు. అదే మాటను ఆ రాజు కథ పక్కన పెట్టి చదివితే వేరుగా తగులుతుంది. ఏ మాట ఏ రోజున పలికారో ఆ రోజు దగ్గరకు వెళ్లి వినడమే కాలక్రమ పఠనం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక వాగ్దాన వచనంతోపాటు ఏడాది పఠన పట్టిక కూడా ఇస్తారు. జనవరిలో అందరూ చదువుతారు. ఫిబ్రవరి రెండో వారంలో లేవీయకాండం దగ్గర సగంమంది ఆగిపోతారు. మిగిలినవారిలో ఎక్కువమంది ఉభాల రోజుల్లో, అంటే వరినాట్ల వేళ, ప్రవక్తల దగ్గర ఆగుతారు. ఇందులో భక్తి తక్కువై ఆగినవారు తక్కువే. ఎక్కడ బరువు వస్తుందో ముందే చూసుకోకపోవడం వల్ల ఆగినవారే ఎక్కువ.

ముందు లెక్క చూసుకోండి

66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు. పాత నిబంధన 929, కొత్త నిబంధన 260. రోజుకు నాలుగు అధ్యాయాలైతే 298 రోజులు పడుతుంది. వారానికి ఆరు రోజులే చదవండి, ఆదివారం పట్టికలో ఏమీ పెట్టకండి. అలా తీసినా ఏడాదిలో 313 రోజులు చేతిలో ఉంటాయి, అంటే 15 రోజులు మిగులు. ఈ పదిహేను రోజుల విలువ జూలైలో తెలుస్తుంది.

నాలుగు అధ్యాయాలు నిదానంగా చదవడానికి 20 నుంచి 25 నిమిషాలు, రాయడానికి ఏడు నిమిషాలు. మొత్తం అరగంట. అంత కుదరనివారు రోజుకు రెండు అధ్యాయాలు పెట్టుకుని రెండేళ్లలో ముగించాలి. ఏడాదిలో ముగించినవారికి దక్కేదీ రెండేళ్లలో ముగించినవారికి దక్కేదీ ఒకటే. మధ్యలో వదిలేసినవారికే ప్రవక్తలు అసలు దొరకరు.

అధ్యాయాల లెక్కను గుడ్డిగా పట్టుకోకండి. 117వ కీర్తన రెండే వచనాలు, 119వ కీర్తన 176. ఆ ఒక్క కీర్తనకే రెండు రోజులు కేటాయించి, పదకొండేసి భాగాలుగా చదవండి. అందులో ఎనిమిదేసి వచనాల భాగాలు 22 ఉంటాయి కాబట్టి సరిగ్గా సగం తెగుతుంది.

ప్రయాణంలో ఆగే ఊళ్లు ఇవి, రోజుకు నాలుగు అధ్యాయాల చొప్పున:

- ఆదికాండము 1–11, దాని వెంట యోబు: 13 రోజులు
- అబ్రాహాము నుంచి యోసేపు వరకు, ఆది 12–50: 10 రోజులు
- నిర్గమ, లేవీయ, సంఖ్యా, ద్వితీయోపదేశ కాండాలు, 90వ కీర్తన: 35 రోజులు
- యెహోషువ, న్యాయాధిపతులు, రూతు: 12 రోజులు
- సమూయేలు రెండు గ్రంథాలు, 1 దినవృత్తాంతములు, దావీదు కీర్తనలు: 40 రోజులు
- సొలొమోను, అంటే 1 రాజులు 1–11, 2 దినవృత్తాంతములు 1–9, సామెతలు, ప్రసంగి, పరమగీతము: 18 రోజులు
- రాజ్యం చీలింది మొదలు యెరూషలేము కూలేవరకు, ఆ కాలపు ప్రవక్తలతో: 58 రోజులు
- బబులోను చెరలో యెహెజ్కేలు, దానియేలు: 15 రోజులు
- తిరిగి రావడం, ఎజ్రా నుంచి మలాకీ వరకు: 13 రోజులు
- మిగిలిన కీర్తనలు, పై భాగాల మధ్య పంచుకుంటూ: 19 రోజులు
- నాలుగు సువార్తలు కలిపి: 22 రోజులు
- అపొస్తలుల కార్యములు, పత్రికలు: 37 రోజులు
- ప్రకటన గ్రంథము: 6 రోజులు

ఎప్పుడు మొదలుపెట్టాలి

జనవరి 1 అందరికీ సరిపోయే రోజు కాదు. ఆ రోజున మొదలుపెడితే యెషయా, యిర్మీయాల భాగం దాదాపు జూన్ చివర నుంచి ఆగస్టు దాకా నడుస్తుంది. మన జిల్లాల్లో ఉభాలు నడిచే రోజులు కూడా అవే. తెల్లారకముందే ఆకుమడిలోకి దిగి, పొద్దుగూకాక నడుం పట్టుకుని ఇంటికొచ్చిన మనిషి చేతిలో అషూరు, ఐగుప్తు, మోయాబుల మీద పలికిన దేవోక్తులు పెడితే నాలుగు వచనాలకే కళ్లు మూతపడతాయి. అందుచేత వ్యవసాయం చేసేవారు జనవరి 1న మొదలుపెట్టండి గానీ, ఉభాల నాలుగు వారాలు రోజుకు రెండు అధ్యాయాలకే తగ్గించుకోండి. అలా చేస్తే 12 రోజులు వెనకబడతారు. చేతిలో 15 రోజుల మిగులు ఉంది కదా, సరిపోతుంది.

తీరంలో వేటకు వెళ్లేవారికి ఏప్రిల్ 15 మంచిది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఆదివారాలు తీసేస్తే 52 రోజులు మిగులుతాయి. ఆదికాండము, యోబు, నిర్గమ, లేవీయ, సంఖ్యా కాండాలకు కలిపి 49 రోజులు పడుతుంది. అంటే అందరూ ఆగిపోయే లేవీయకాండం, మగవాళ్లు ఇంటిపట్టున ఉండే రోజుల్లోనే దాటిపోతుంది. వేటకు వెళ్లే రోజు వచ్చేసరికి ద్వితీయోపదేశకాండం మొదలై ఉంటుంది. గుజరాత్ వైపు బోట్లకు వెళ్లేవారు పట్టిక జిరాక్సు ఒకటి వెంట తీసుకెళ్తే ఇంట్లోవారూ వారూ ఒకే రోజున ఒకే భాగంలో ఉంటారు. రాత్రి ఫోనులో మాట్లాడుకోవడానికి అది మంచి ఆధారం.

ఏమేం కావాలి

కాగితపు బైబిలు ఒకటి. ఫోనులోని బైబిలుతో ఈ పద్ధతి సగమే సాగుతుంది. ఒకే రోజున సమూయేలులో ఒక అధ్యాయం, కీర్తనల్లో రెండు, దినవృత్తాంతాల్లో ఒకటి చదవాల్సి వస్తుంది, అప్పుడు వేళ్లు పెట్టుకుని అటూ ఇటూ తిప్పగలగాలి. నాలుగు కాగితపు చీలికలు కత్తిరించి, వాటిమీద చరిత్ర, కీర్తనలు, ప్రవక్తలు, దినవృత్తాంతాలు అని రాసి పెట్టుకోండి. పట్టిక కూడా కాగితం మీదే ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2018 అక్టోబరులో తితలీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. గోడకు అంటించిన కాగితానికి చార్జింగు అక్కర్లేదు.

200 పేజీల లాంగు నోటుపుస్తకం ఒకటి. రోజుకు అరపేజీ చొప్పున 298 రోజులకు 149 పేజీలు అవుతాయి. మొదటి పది పేజీలు కాలరేఖకు, ఆ తరవాతి పది పేర్లకు, ఆఖరి పది తప్పిపోయిన భాగాలకు అట్టేపెట్టండి. మామూలు పెన్సిలు తప్పనిసరి. ఎందుకో యోబు దగ్గర చెప్తాం.

ఏ తర్జుమా చదవాలి? ఆరాధనలో చదివే పాత తర్జుమానే చాలామందికి నాలుక మీద ఆడుతుంది. దాని భాష గ్రాంథికం, అయినా దానిలోనే చదవడం మంచిది, కంఠత వచ్చిన వచనాలు ఉన్నది అందులోనే కనుక. అర్థం కాని చోట సులభ భాషలో ఉన్న తర్జుమాను పక్కన పెట్టుకోండి. తెలుగు సువార్తల అనువాదానికి ఒక పెద్ద అడుగు పడింది మన పక్కనే. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీవారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆ పని చేపట్టారు, ఆనందరాయరు అనే తెలుగు పండితుడు వారికి తోడ్పడ్డాడు. ఇచ్ఛాపురం, మందస వైపు ఇంట్లో ఒకరు ఒడియాలో, ఒకరు తెలుగులో చదివినా ఫరవాలేదు, అధ్యాయాలు వచనాలు కలుస్తాయి.

రోజు పని: చదవడం, రాయడం

ముందు ఆ రోజు భాగం ఏ కాలానిదో ఒక్క నిమిషం చూసుకోండి. చదివేటప్పుడు ఆగకండి. ప్రశ్న వస్తే మార్జినులో చిన్న చుక్క పెట్టి ముందుకు పోండి. ఒక్కో వచనం దగ్గర ఆగితే నాలుగు అధ్యాయాలు గంటన్నర పడుతుంది, మూడో రోజుకే విసుగొస్తుంది. అయ్యాక ఆ చుక్కల్లో ఒక్కదాన్ని ఎంచుకుని నాలుగు వాక్యాలు రాయండి:

1. ఎప్పుడు, ఎక్కడ జరిగింది.
2. ఎవరు ఎవరితో మాట్లాడారు, ఏం చేశారు.
3. ముందు చదివినదానితో ఇది ఎక్కడ తగులుతుంది.
4. ప్రార్థనగా ఒక వాక్యం.

మొదటి వాక్యం ఎప్పుడూ కాలం, స్థలమే కావాలి. ధ్యానాలు రాసేవారు చేసే పెద్ద పొరపాటు నేరుగా నాలుగో వాక్యానికి దూకడం. అలా రాసిన నోటుపుస్తకంలో పదో రోజుకే అన్ని పేజీలూ ఒకేలా కనిపిస్తాయి: ప్రభువా విశ్వాసం ఇవ్వు, ఓర్పు ఇవ్వు. కాలం రాసి మొదలుపెడితే ఆ రోజు మాట ఆ రోజుదే అవుతుంది.

మూడో వాక్యమే ఈ పద్ధతికి ప్రాణం. యిర్మీయా 36 చదివిన రోజు ధ్యానం ఇలా ఉండొచ్చు:

"క్రీ.పూ. 604 చివర, చలికాలం, యెరూషలేములో రాజు నగరు. యిర్మీయా మాటలు రాసిన గ్రంథపు చుట్టను యెహూది చదువుతుంటే రాజు యెహోయాకీము మూడు నాలుగు పుటలకోసారి చాకుతో కోసి కుంపట్లో వేస్తున్నాడు. పద్దెనిమిదేళ్ల కిందట ఇతని తండ్రి యోషీయా దేవుని గ్రంథం విని తన బట్టలు చింపుకున్నాడు, కొడుకు గ్రంథాన్నే కోసేశాడు. ప్రభువా, నాకు నచ్చని మాట వచ్చినప్పుడు పేజీ తిప్పేయకుండా నన్ను అక్కడే కూర్చోబెట్టు."

యోషీయా బట్టలు చింపుకోవడం 2 రాజులు 22లో ఉంది. కాలక్రమంలో చదివినవారికి ఆ రెండు దృశ్యాలకూ మధ్య కొద్ది రోజులే ఎడం. వరుసగా చదివినవారికి నెలల ఎడం. వెంటనే యిర్మీయా 45 కూడా చదవండి, అది ఐదే వచనాలు. ఆ గ్రంథం రాసిన బారూకు అలసిపోయి నిట్టూర్చినప్పుడు అతనికి వచ్చిన మాట అది. అచ్చులో తొమ్మిది అధ్యాయాల అవతల పడింది గానీ కాలం మాత్రం అదే, యెహోయాకీము నాలుగో ఏడు.

అరపేజీ దాటకండి. మొదటి వారం ఉత్సాహంలో రెండు పేజీలు రాసినవారు మూడో వారానికి నోటుపుస్తకం తెరవడమే మానేస్తారు.

నెలలు, వానలు, కొలతలు: మనవి కావు

తెలుగులో చదివేవారు తెలియకుండానే పడే గుంట ఒకటుంది. యోవేలు 2:23లో, యాకోబు 5:7లో తొలకరి, కడవరి వర్షాల మాట వస్తుంది. తొలకరి అనగానే మనకు జూన్ గుర్తొస్తుంది, నారుమడి గుర్తొస్తుంది. ఇశ్రాయేలు దేశంలో తొలకరి పడేది అక్టోబరు, నవంబరుల్లో, దున్ని విత్తే ముందు. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో, కోతకు ముందు గింజ పాలుపోసుకునేటప్పుడు. వేసవి అంతా అక్కడ చుక్క వాన ఉండదు. నోటుపుస్తకం మొదటి పేజీలో ఈ రెండు వానలు రాసుకోండి.

నెలలూ అంతే. మొదటి నెల అంటే మార్చి–ఏప్రిల్, పస్కా పండుగ నెల. తొమ్మిదో నెల అంటే నవంబరు–డిసెంబరు. అందుకే యెహోయాకీము ముందు కుంపటి ఉంది.

కొలతల్లో మాత్రం ఒక మేలు జరిగింది. మన తర్జుమాలో "మూర" అని ఉంది. బజారులో పూలు కొలిచే మూరే, మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా, సుమారు అడుగున్నర. నిర్గమ 27:18లో గుడారపు ఆవరణ నూరు మూరల పొడవు, ఏబై మూరల వెడల్పు. అంటే 150 అడుగులు, 75 అడుగులు, దాదాపు 26 సెంట్ల స్థలం. చర్చి ఆవరణలోనో కళ్లంలోనో నాలుగు కర్రలు పాతి తాడు కట్టి పిల్లలకు చూపించండి. మందసం పొడవు రెండున్నర మూరలు, మూడు ముప్పావు అడుగులు, ఒక చిన్న ట్రంకుపెట్టంత. ఈ ఒక్క సాయంత్రం పని నిర్గమకాండం చివరి పదహారు అధ్యాయాలను బతికిస్తుంది.

ఒక్కో దశలో జాగ్రత్తలు

యోబును ఆదికాండము 11 తరవాత పెట్టడం ఆచారం. ఆ కథలో ధర్మశాస్త్రం ఊసు లేదు, యాజకులు లేరు, తండ్రే కుటుంబం కోసం బలి అర్పిస్తాడు, సంపదను పశువుల్లో లెక్కిస్తారు. ఇవన్నీ అబ్రాహాము వంటి పితరుల కాలాన్ని చూపిస్తాయి గానీ తేదీ ఎక్కడా లేదు. కాబట్టి యోబు కాలాన్ని పెన్సిలుతో రాయండి. యోవేలు, ఓబద్యా, ఇంకా చాలా కీర్తనలు కూడా పెన్సిలువే. ఐగుప్తు నుంచి బయలుదేరిన ఏడు మీద కూడా పండితుల్లో రెండు లెక్కలున్నాయి. క్రీ.పూ. 722లో ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను పతనం, 586లో యెరూషలేము పతనం వంటివి పెన్నుతో రాయండి. క్రీ.పూ. లెక్క వెనక్కి నడుస్తుందని ఇంట్లో పిల్లలకు ఒకసారి చెప్పాలి, 722 ముందు, 586 తరవాత.

సీనాయి దగ్గర కథ కదలదు, దానికి కారణం ఉంది. నిర్గమ 19లో ఇశ్రాయేలీయులు ఆ కొండ కిందకు చేరతారు, సంఖ్యా 10:11లో కదులుతారు. మధ్యలో దాదాపు పదకొండు నెలలే గడిచాయి గానీ సుమారు 59 అధ్యాయాలున్నాయి. రోజుకు నాలుగు చదివినా పదిహేను రోజులు ఒకే కొండ కింద కూర్చోవాలి. ఇది ముందే తెలిస్తే విసుగు సగం తగ్గుతుంది. గుడారం నిలబెట్టింది రెండో ఏట మొదటి నెల మొదటి రోజున (నిర్గమ 40:17), జనసంఖ్య లెక్కకు ఆజ్ఞ రెండో నెల మొదటి రోజున (సంఖ్యా 1:1). లేవీయకాండం అంతా ఆ నెల రోజుల్లో ఇమిడిన ఉపదేశం. గుడారం నిలబడింది, ఇప్పుడు దాని దగ్గరకు ఎలా రావాలి అనే ప్రశ్నకు జవాబు అది. సంఖ్యా 9:1 మళ్లీ మొదటి నెలకు వెనక్కి వెళ్తుంది, అచ్చు వరుస తేదీల వరుస కాదనడానికి అదే సాక్ష్యం. లేవీయకాండంలో 16వ అధ్యాయానికి, ప్రాయశ్చిత్త దినానికి, ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. మిగతా ఆచారాలను గట్టిగా పైకి చదువుతూ వేగంగా దాటినా తప్పులేదు.

న్యాయాధిపతులు 17–21లోని రెండు కథలు ఆ పుస్తకం చివర ఉన్నా కాలంలో ముందువి. 20:28లో సేవ చేస్తున్న ఫీనెహాసు అహరోను మనవడు. వాటిని 3వ అధ్యాయం ముందు చదవొచ్చు. రూతును ఒక్క రోజున చదవండి, నాలుగే అధ్యాయాలు. యవల కోత మొదలయ్యే వేళకు నయోమి బేత్లెహేము చేరింది, అంటే ఏప్రిల్ దగ్గర. కోసిన పొలంలో పరిగె ఏరే ఆడవాళ్లను చూసిన కళ్లకు ఆ రెండో అధ్యాయం వివరించక్కర్లేదు.

దావీదు కాలంలో కీర్తనల పైన చిన్న అక్షరాల్లో ఉండే పరిచయ వాక్యాలను వదలకండి. చాలామంది వాటిని చదవకుండానే మొదటి వచనంలోకి దిగుతారు. ఏ కీర్తన ఎక్కడ పెట్టాలో చెప్పేవి అవే. సౌలు మనుషులు ఇంటిని కాపు కాసిన రాత్రికి (1 సమూ 19) 59వ కీర్తన. గాతులో పిచ్చివాడిలా నటించి తప్పించుకున్నదానికి (21) 34, 56. దోయేగు చెప్పిన చాడీకి, నోబు యాజకుల హత్యకు (22) 52. జీఫీయులు పట్టిచ్చినదానికి (23) 54. గుహలో దాగినప్పటివి 57, 142. నాతాను వచ్చిన రోజుకు (2 సమూ 12) 51. అబ్షాలోముకు భయపడి పారిపోయినప్పుడు 3. 34వ కీర్తన పైన రాజు పేరు అబీమెలెకు అని ఉంటుంది, సమూయేలులో ఆకీషు. అబీమెలెకు అన్నది ఫిలిష్తీయ రాజుల బిరుదై ఉంటుందని చాలామంది వ్యాఖ్యాతలు చెప్తారు. ఇద్దరూ ఒకరే అనుకుని చదవండి.

1 దినవృత్తాంతములు 1–9 వంశావళులకు రెండు రోజులు చాలు. పేర్ల మధ్యలో కథ తలెత్తే చోట్లు చూడండి, యబ్బేజు ప్రార్థన (4:9–10) అలా దొరికిందే.

రెండు రాజ్యాల చిక్కుముడి

58 రోజుల భాగంలో తికమకకు మూలం పేర్లే. నోటుపుస్తకంలో నిలువు గీత గీసి ఎడమవైపు ఇశ్రాయేలు, కుడివైపు యూదా రాజులను రాసుకోండి. ఉత్తరాన 19 మంది రాజులు, దక్షిణాన 19 మంది, మధ్యలో రాణి అతల్యా. అహజ్యాలు రెండు వైపులా ఉన్నారు. యెహోరాములు రెండు వైపులా, అదీ ఒకే కాలంలో, బావా బావమరుదులు. యరొబాములు ఇద్దరు, మధ్య నూరేళ్లకు పైగా. 2 రాజులు 15లోని అజర్యా, యెషయా 6లోని ఉజ్జియా ఒక్కడే. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేవి యెహోయాకీము, యెహోయాకీను. "ము" తండ్రి, "ను" కొడుకు. క్రీ.పూ. 597లో చెరకు వెళ్లింది కొడుకు. ఈ ఒక్క అక్షరం పొరపాటు పడితే యిర్మీయా, యెహెజ్కేలు రెండూ చెదిరిపోతాయి.

ప్రవక్తలను ఇలా సర్దండి. యోనా (2 రాజులు 14:25), ఆమోసు, హోషేయ రెండో యరొబాము దగ్గర. యెషయా 6 ఉజ్జియా చనిపోయిన ఏట, యెషయా 7 ఆహాజు దగ్గర, 2 రాజులు 16 పక్కన. మీకా వారి వెంట. అషూరు రాజు సన్హెరీబు యూదా మీదకు వచ్చిన 701లో 2 రాజులు 18–19, యెషయా 36–37, 2 దినవృత్తాంతములు 32. మొదటి రెండూ దాదాపు మాటకు మాట ఒకటే. చదివిందే కదా అని మూడోదాన్ని వదలకండి, తేడా వెతకండి. హిజ్కియా ఊరి బయట ఊటలు పూడ్పించిన సంగతి దినవృత్తాంతాల్లోనే ఉంది. అలాగే మనష్షే పశ్చాత్తాపం 2 దినవృత్తాంతములు 33లోనే కనిపిస్తుంది, 2 రాజులు 21 మటుకే చదివినవారికి ఆ మనిషి చివరి వరకూ దుర్మార్గుడే.

యిర్మీయాను అచ్చు వరుసలో చదివితే కాలం ముందుకూ వెనక్కూ ఊగుతుంది. 21 సిద్కియా కాలం, 25 యెహోయాకీము నాలుగో ఏడు, 26 ఇంకా ముందు, 27–28 మళ్లీ సిద్కియా, 35–36 మళ్లీ యెహోయాకీము, 37–39 పతనం. ప్రతి అధ్యాయం మొదటి వచనంలో రాజు పేరు చూసి పక్కన పెన్సిలుతో రాసుకుంటూ వెళ్లండి. ఇది ఒక ఆదివారం మధ్యాహ్నం ముందే చేసిపెట్టుకుంటే మంచిది. యెహెజ్కేలు తేదీలు చాలావరకు వరుసే, 29:17 ఒక్కటి పక్కకు పోయింది. దానియేలును 1–4, 7, 8, 5, 9, 6, 10–12 అనే వరుసలో చదవండి, బెల్షస్సరు రాజు కాలపు దర్శనాలు (7, 8) 5వ అధ్యాయంలోని గోడమీద రాతకు ముందువి గనుక.

తిరిగి వచ్చాక ఎజ్రా 4 దగ్గర ఆగి, పారసీక రాజు దర్యావేషు రెండో ఏడు (క్రీ.పూ. 520) హగ్గయి, జెకర్యా చదవాలి. ఇక్కడ తేదీలు నెలా రోజుతో సహా ఉన్నాయి: హగ్గయి 1, తరవాత 2:1–9, జెకర్యా 1:1–6, హగ్గయి 2:10–23, జెకర్యా 1:7 నుంచి. ఆపై ఎజ్రా 5–6, ఎస్తేరు, ఎజ్రా 7–10, నెహెమ్యా, మలాకీ. కతోలిక విశ్వాసుల 73 గ్రంథాల బైబిలులో మక్కబీయుల గ్రంథాలు మలాకీకి, సువార్తలకు మధ్య ఖాళీలో వస్తాయి.

తప్పిపోయిన రోజులు

మూడు రోజులు తప్పితే పన్నెండు అధ్యాయాలు ఒకేసారి మింగాలని చూడకండి. ఈ రోజు తేదీకి ఉన్న భాగమే తెరవండి, తప్పినవాటిని నోటుపుస్తకం ఆఖరి పేజీల్లో రాయండి. ఆదివారం ఒక రోజు భాగం మాత్రమే తీర్చండి. బాకీ పది రోజులు దాటితే పట్టికలో తేదీలు కొట్టేసి రోజుల నంబర్లతో సాగండి.

చదవడం రాని మామ్మలకు ఆడియో ఉంది. కుటుంబ ప్రార్థనలో ఒకరు పైకి చదివితే ఇంకా మేలు, అలా విన్నవారికి కథ చదివినవారికంటే ఎక్కువ గుర్తుంటుంది. సంఘం మొత్తం కలిసి చేస్తుంటే వాట్సాప్ గుంపులో ఉదయం భాగం మటుకే పంపండి, పొడుగు ప్రసంగాలు పెట్టకండి. రాత్రి ఎవరైనా ఒకరు తమ నాలుగు వాక్యాల్లో మూడోది మాత్రం పంపాలి.

సువార్తలు, పత్రికలు

జనవరిలో మొదలుపెట్టినవారు సెప్టెంబరు ఆఖరుకి ఇక్కడికి వస్తారు. నాలుగు సువార్తలను పక్కపక్కన పెట్టి ఒక్కో సంఘటన చదవండి. ఐదువేలమందికి ఆహారం పెట్టిన సంగతి నాలుగింటిలోనూ ఉంది: మత్తయి 14, మార్కు 6, లూకా 9, యోహాను 6. మార్కు పచ్చిక మీద కూర్చోబెట్టారంటాడు, యోహాను పస్కా దగ్గర పడిందని, అవి యవల రొట్టెలని అంటాడు. కలిపితే కాలం తెలిసిపోతుంది, కడవరి వానలకు కొండ పచ్చగా ఉన్న రోజులు. ఇంకో నెలన్నర ఆగితే ఆ గడ్డి ఎండిపోయి ఉండేది. ఆఖరి వారానికి కనీసం ఆరు రోజులు ఇవ్వండి. దేవాలయ శుద్ధి యోహానులో 2వ అధ్యాయంలో, మిగతా ముగ్గురిలో ఆఖరి వారంలో ఉంది. రెండుచోట్లా చదివి, రెండూ ఒకటేనా అన్నది పెన్సిలుతో వదిలేయండి.

పత్రికలకు కొక్కేలు అపొస్తలుల కార్యాల్లో ఉన్నాయి. 18వ అధ్యాయంలో పౌలు కొరింథులో ఉన్నప్పుడు రెండు థెస్సలొనీకయ పత్రికలు. అక్కడి అధిపతి గల్లియోను పేరు డెల్ఫీలో దొరికిన శాసనంలో ఉంది, దానివల్ల ఆ కాలం క్రీ.శ. 51–52 అని తెలిసింది, కాబట్టి ఇక్కడ పెన్ను వాడండి. 19 దగ్గర ఎఫెసు నుంచి 1 కొరింథీయులకు (16:8 చూడండి), 20:1–2 దగ్గర మాసిదోనియ నుంచి 2 కొరింథీయులకు, 20:3లోని మూడు నెలల్లో రోమీయులకు. 28 తరవాత చెరసాల పత్రికలు, ఆ వెంట తిమోతి, తీతు పత్రికలు. గలతీయులకు, యాకోబు పత్రికలను 15వ అధ్యాయం పక్కన పెట్టొచ్చు, పెన్సిలుతో.

ప్రకటన గ్రంథానికి ఆరు రోజులు. అందులోని బొమ్మలు ఎక్కువగా పాతవే: దానియేలు 7లోని మృగాలు, యెహెజ్కేలు 1లోని జీవులు, జెకర్యాలోని గుర్రాలు, దీపస్తంభం, నిర్గమలోని తెగుళ్లు, ఆదికాండం 2లోని జీవవృక్షం. ఏడాది నోటుపుస్తకాన్ని పక్కన పెట్టుకుని, ఏ బొమ్మ ఏ రోజున ఎదురైందో ఆ పేజీ నంబరు మార్జినులో రాయండి. డిసెంబరు రెండో వారంలో ఇది ముగుస్తుంది. మిగిలిన రోజులకు నోటుపుస్తకం ఆఖరి పేజీలు తెరిచి, బాకీ ఉన్న భాగాలు ఒక్కొక్కటే తీర్చి కొట్టేయండి.